పైడి వేసిన ఒక్క గోలు

మా సూరాడ వాళ్ళ ఇంట్లో బుర్రలకి కొదవ లేదు. నేను, మా ఆవిడ ఎర్రమ్మ, మా తమ్ముడు లచ్చన్న. ముగ్గురికీ మూడు బుర్రలు ఉన్నాయి. ఈ సంగతి ఊళ్ళో ఇంకెవరూ ఒప్పుకోరు. ఒప్పుకోడానికి వాళ్ళకి అంత తెలివి ఎక్కడిది?

మాది సముద్రం ఒడ్డు. తాతల నాటి నుంచీ వలలు అల్లి బతుకుతున్నాం. ఈ ఏడు బడికి కొత్తగా వచ్చిన ఆటల మేడం చిన్నపిల్లలకి నెట్‌బాల్ పెట్టారు. స్తంభం మీది రింగులోంచి బంతి వేస్తే గోలు. పిల్లల ఆట కాబట్టి బంతి చిన్నది, రింగు ఎత్తు తక్కువ, రూల్సు కూడా కొన్నే. నేర్పడానికి సాయం రమ్మని తల్లిదండ్రులందరినీ పిలిస్తే వెళ్ళింది మేం ముగ్గురమే. ఊరంతటిలో మమ్మల్నే ఏరుకున్నారని పొంగిపోయాం.

మేడం నాలుగు ముక్కలు చెప్పారు. బంతి పట్టుకున్నవాళ్ళు కాళ్ళు కదపకూడదు. ఆరు అంకెలు లెక్కపెట్టేలోపు బంతి వదిలెయ్యాలి. తప్పు చేసినవాళ్ళని ఈల వేసి ఆపి, కోప్పడకుండా వివరించి, కాసేపు గీత అవతల నిలబెట్టాలి. ఎవర్నీ ఊరికే కూర్చోబెట్టకూడదు, అందరూ ఆడాలి. శనివారం పక్క ఊరి పిల్లలతో ఆట ఉంది, ఈలోపు తనకి టౌన్లో ట్రైనింగ్ ఉందన్నారు. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి చాలు అని బస్సెక్కారు. అదే కొంప ముంచింది.

ఇక్కడ మా పైడి సంగతి చెప్పాలి. మా కూతురు, రెండో తరగతి, తరగతి మొత్తానికీ అదే పొట్టిది. ఏ ఆటలోనైనా దాన్ని చెప్పులకి కాపలా పెడతారు. ఆ సాయంత్రం నా పక్కన చేరి, "అయ్యా, నానొక్క గోలు ఏత్తాను. ఒక్కటే. మరింకేటీ అడగను," అంది. వేయిస్తానని దాని నెత్తి మీద చెయ్యి వేసి చెప్పాను.

రింగులకి కట్టమని మేడం ఇచ్చిన వలలు విప్పి చూసి ఎర్రమ్మ నోరు నొక్కుకుంది. రెండింటికీ అడుగు లేదు. అడుగు లేని వల ఎవరైనా అమ్ముతారా, పట్నం వాళ్ళు మేడం గారిని నిలువునా మోసం చేశారని జాలిపడింది. అంతే, నైలాన్ దారం తీసి ముడి మీద ముడి వేసి రెండు వలలకీ అడుగు అల్లేసింది. చీమ కూడా దూరదు. డబ్బులు కూడా అడగకూడదనుకున్నాం.

లచ్చన్న ఆట నేర్పడం మొదలెట్టాడు. బంతి పట్టుకున్నాక కాళ్ళు కదపకూడదన్నాడు. పిల్లలు పట్టుకున్నారు, విసిరారు, అక్కడే నిలబడ్డారు. మళ్ళీ ఎప్పుడు కదలాలో మేడం చెప్పలేదు మరి. ఇంకేముంది, మధ్యాహ్నానికి పద్నాలుగు మంది పిల్లలు ఇసుకలో పాతినట్టు ఉండిపోయారు. తల్లులొచ్చి ఒక్కొక్కర్నీ ఎత్తుకుని ఇంటికి మోసుకుపోయారు. పోతూ పోతూ మమ్మల్ని ఏమన్నారో చెప్పను, ఇక్కడ పిల్లలు కూడా వింటున్నారు. వారమంతా ఇదే వరస. రింగు దాకా బంతి ఒక్కసారీ వెళ్ళలేదు.

శనివారం వచ్చింది. పక్క ఊరి పిల్లలు రెండు ఆటోల్లో దిగారు. మేడం బస్సు ఇంకా రాలేదు. ఈల నా మెడలో ఉంది. చూస్తే గీత చుట్టూ జనమంతా కూర్చుని ఉన్నారు. నాకు చెమట పట్టింది. ఎవర్నీ ఊరికే కూర్చోబెట్టకూడదు కదా. అందర్నీ లేపి లోపలికి తోలాను. పక్క ఊరి మాస్టారిని లేపాను. ఐసు బండి అతన్ని లేపాను. మోకాళ్ళ నొప్పులతో లేవలేని గురువులమ్మ పెద్దమ్మని మంచంతో సహా తెచ్చి మధ్యలో దింపించాను. అంతే, నూట పది మందితో ఆట మొదలైంది.

బంతి వెళ్ళి పెద్దమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని కొంగులో మూట కట్టుకుంది. ఆరు దాకా లెక్కపెట్టి, ఈల వేసి, కోప్పడకుండా వివరించి, మంచాన్ని గీత అవతల పెట్టించాను. కోప్పడిందల్లా ఆవిడే.

అక్కణ్ణించి బంతి జనం కాళ్ళ మధ్య దొర్లుతూ పోయింది. పెద్దవాళ్ళెవరూ వంగలేకపోయారు. మా పైడి వంగాల్సిన పనే లేదు. కాళ్ళ సందుల్లోంచి దూరి, రింగు కింద తేలి, అక్కడ బంతి పట్టుకుంది. విసిరింది. బంతి రింగు మీద రెండు చుట్లు తిరిగి లోపల పడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పడింది గానీ బంతి కిందికి రాలేదు. నేను లెక్కపెట్టాను. ఆరు దాటింది. వల వదల్లేదు. కన్నకూతురి గోలైతే మాత్రం రూలు రూలే. ఈల వేశాను. స్తంభం దగ్గరికి వెళ్ళి, చూడు బాబూ, ఆరులోపు వదిలెయ్యాలి అని నెమ్మదిగా వివరించాను. స్తంభం ఎదురు చెప్పలేదు, బుద్ధిమంతుడే. నేనూ లచ్చన్నా దాన్ని పీకి గీత అవతల, పెద్దమ్మ మంచం పక్కన నిలబెట్టాం.

అప్పుడొచ్చారు మేడం. స్తంభాన్ని చూశారు, మంచాన్ని చూశారు, నూట పది మందినీ చూశారు, నన్ను చూసి ఇసుకలో కూలబడ్డారు. ఊరికే కూర్చోకూడదని లేపబోయాను. పైడి అడ్డొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మేడం, నాది గోలేనా?"

ఆవిడ వల వైపు చూశారు. పైడి మొహం వైపు చూశారు. "గోలే పైడీ. చాలా మంచి గోలు," అన్నారు. ఆ వల అడుగు కోసి బంతి తియ్యండి, ఆట సాగిద్దాం అని మాతో అన్నారు.

ఎర్రమ్మ స్తంభానికి అడ్డంగా నిలబడింది. "వల్లో ఉన్నంతసేపే మనది మేడం గారూ. ఇడిసేత్తే ఎల్లిపోద్ది. మా పిల్లకున్నది ఈ ఒక్కటే."

మాకదే నిజమనిపించింది. పట్టిన చేపని ఎవరైనా వదులుతారా? ఇంకేముంది, స్తంభాన్ని భుజానికెత్తుకుని ఇంటికొచ్చేశాం.

బడి వాళ్ళు వేరే బంతి కొనుక్కున్నారు, వేరే స్తంభం పాతి వేరే వల కట్టుకున్నారు. ఇప్పుడు పైడి వారానికి నాలుగైదు గోల్సు వేస్తోందట. పాపం, అవన్నీ అడుగు లేని వలలోంచి జారిపోయాయి, ఒక్కటీ ఇంటికి రాలేదు. మా పెరట్లో ఉన్నది మాత్రం భద్రంగా ఉంది. ఈమధ్య కాస్త మెత్తబడితే భయపడ్డాం గానీ, ఇప్పుడు ప్రతి ఆదివారం లచ్చన్న స్టూలెక్కి సైకిలు పంపుతో ఆ గోలుకి గాలి కొడుతున్నాడు.