నడిమినాడు ఎటు మొగ్గింది?

కొండవాకిలి అని ఒక రాజ్యం ఉండేదిలే. దాని రాజు ఘనకేసరి. ఆయన పొగరు మామూలుగా ఉండేది కాదు. ఆయన తుమ్మినా పక్కన పదిమంది ఆహా అనాల్సిందే.

కానీ ఆ రాజ్యంలో ఒక చిక్కుంది. ఎంత రాజైనా ఆరేళ్లకోసారి జనం ఎన్నుకోవాలి. సింహం జట్టు, నెమలి జట్టు అని రెండు జట్లు. ఐదు నాడుల్లో, అంటే సీమల్లో, రెండు ఎప్పుడూ సింహానికే, రెండు ఎప్పుడూ నెమలికే. మధ్యలో ఉన్న నడిమినాడు మాత్రం ఓసారి ఇటు, ఓసారి అటు. అది ఎటు మొగ్గితే వాళ్లకే సింహాసనం. మన ఘనకేసరిది సింహం జట్టు.

మూడేళ్లకి, అంటే సరిగ్గా సగంలో, ఊరిపెద్దల ఎన్నికలొస్తాయి. ఆ ఏడాది కూడా వచ్చాయి. నడిమినాడులో ఉన్నవి పది ఊళ్లు. ఏడు సింహానికే పడ్డాయి!

ఇంకేముంది, సభలో పండగే.

"మహాప్రభో! నడిమినాడు ఇక మనదే," అన్నాడు మంత్రి భైరవభట్టు. "చంద్రుడున్నంత కాలం మనదే. నెమలికి ఈక కూడా మిగల్లేదు!"

రాజు మీసం దువ్వాడు. "అలాగైతే అక్కడ కాలువ తవ్వడం దేనికయ్యా? మనవాళ్లే కదా, ఎక్కడికి పోతారు? ఆ కూలీలందర్నీ వెనక్కి పిలువు. అరవై మూరల నా విగ్రహం మొదలెడదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క పోలన కొట్టలేదు.

పోలన అంటే రాజుని నవ్వించే కొలువు చేసేవాడు. పుట్టింది నడిమినాడులోనే. అక్కడ రెండేళ్లుగా వాన లేదు, జొన్నచేలు నిలువునా ఎండుతున్నాయి. సగం తవ్విన ఆ కాలువ ఒక్కటే దిక్కు. అది ఆగిందా, ఊళ్లకి ఊళ్లే ఖాళీ. అయినా పోలన మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు.

"ప్రభూ, మా నాడు నిజంగానే మొగ్గిందంటారా?"

"ఏడు ఊళ్లయ్యా!" అన్నాడు మంత్రి. "నీకు లెక్క రాదా?"

"వస్తుంది స్వామీ. మా జనాన్ని చూసి ఎటు మొగ్గారో చెప్పడం మీకు రాదు."

"నాకా? నాకు రాదా? నాలుగు శాస్త్రాలు చదివిన నాకా?"

"అయితే పందెం. రోజూ పొద్దున్నే మా నడిమినాడు వాళ్లే కదా కావళ్లతో కోటలోకి నీళ్లు మోసేది? వాళ్లు ఏ భుజం జనమో రేపు చూసి చెప్పండి చాలు. మీరు గెలిస్తే సగం మీసం గొరిగించుకుని రాజ్యం వదిలిపోతా. నేను గెలిస్తే కాలువ పని ఆగకూడదు."

రాజుకి ఇలాంటి తమాషాలంటే ప్రాణం. "సరే!" అన్నాడు.

తెల్లారేసరికి కొండ కింద మెట్ల దగ్గర మంత్రి పీట వేసుకుని కూర్చున్నాడు. నలభై మంది కావళ్లెత్తుకుని వచ్చారు. మంత్రి వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టాడు. ముప్పై రెండు మంది కుడి భుజం, ఎనిమిది మంది ఎడమ. ఆకు మీద రాశాడు: "నడిమినాడు వారు కుడి భుజం వారు. ఇందులో సందేహం లేదు." ముద్ర కూడా కొట్టేశాడు.

"ఇక పైకి వెళ్లి రాజుగారికి చూపిద్దాం పదండి," అన్నాడు పోలన.

మంత్రి పల్లకీ అడ్డదారిన ముందే పైకి చేరింది. రాజు కోట గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెట్ల మీద కావళ్లు ఒక్కొక్కటే పైకొస్తున్నాయి. అన్నీ ఎడమ భుజం మీదే! ఏ ఏడెనిమిదో తప్ప.

మంత్రి మొహం మాడిపోయింది. "మోసం! వీడు నేర్పించాడు!"

రాజు కావళ్ల పెద్ద గంగులుని ఆపాడు. "ఏరా, నీది ఏ భుజం?"

"రెండూ నావే దొరా," అన్నాడు గంగులు వగరుస్తూ. "మెట్లకి సగంలో ఒక పెద్ద బండ ఉంటది. అక్కడ దించి మార్చుకుంటాం. మండిన భుజానికి కాస్త ఊపిరి ఇయ్యాలి గదా. మా తాతల కాడ్నుంచీ అంతే."

పల్లకీ తప్ప మెట్టు ఎరగని మంత్రికీ, స్నానం తప్ప బిందె ఎరగని రాజుకీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. పోలనకి ఎప్పుడో తెలుసు. ఈ కోటకి వాడు మొదట వచ్చింది కావడితోనే.

"నేనొప్పుకోను!" అని ఎగిరాడు మంత్రి. "గట్టిగా అనుకుంటే ఒకే భుజం మీద మోయొచ్చు!"

"మోసి చూపించు," అన్నాడు రాజు.

అంతే! మంత్రిని కొన్ని మెట్లు కిందికి దింపారు, గంగులు కావడి ఆయన కుడి భుజం మీదకెక్కింది. ఒక మెట్టు, రెండు మెట్లు. ఐదో మెట్టుకి "అబ్బా" అన్నాడు. తొమ్మిదో మెట్టుకి ఎవరూ చెప్పకుండానే కావడి ఎడమ భుజానికి మారిపోయింది!

"ఏం స్వామీ, నెమలి జట్టులో చేరిపోయారా?" అన్నాడు పోలన.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కావళ్లవాళ్లూ పకపకా నవ్వారు.

అప్పుడు పోలన మెల్లగా అన్నాడు. "ప్రభూ, మూడేళ్ల ఎన్నికంటే ఆ సగం దారి బండే. ఊళ్లలో ఇన్నాళ్లూ ఉన్న నెమలి పెద్దలు మండించారు, అందుకని మావాళ్లు మీ వైపు మార్చుకున్నారు. కాలువ ఆపండి, మీ వైపూ మండుతుంది. మావాళ్లకి భుజం మీద మోజు లేదు, నీళ్లు ఇంటికి చేరాలి. అంతే."

రాజు నవ్వు ఆగిపోయింది. "మంత్రీ, కూలీలు ఇవాళే కాలువ మీదకి వెళ్లాలి. విగ్రహం గిగ్రహం అన్నావంటే నీకు రోజూ కావడే." చేతి కడియం తీసి పోలనకి తొడిగాడు. "ఇంకేం కావాలి?"

"నీళ్లు వదిలే రోజు మీరు నడిచి రావాలి. పల్లకీ వద్దు."

నాలుగు నెలలకి కాలువ పూర్తయింది. ఘనకేసరి నిజంగానే నడిచొచ్చాడు, చెమటలు కక్కుతూ. బురదనీళ్లు బుసబుసమంటూ చేలల్లోకి దూకాయి. జనం ఈలలే ఈలలు. రాజు పొంగిపోయి, గట్టు మీదున్న ఒక ముసలమ్మని అడిగాడు.

"అవ్వా, ఇప్పుడు చెప్పు, నడిమినాడు ఎటు మొగ్గింది?"

"నీళ్లింకా మా చివరి చేనుకి రాలేదు నాయనా," అంది ముసలమ్మ. "వచ్చాక అడుగు."

రాజు గట్టు మీద కూలబడి మరీ నవ్వాడు. లేచి, రెండో చేతి కడియం కూడా తీసి పక్కనే ఉన్న పోలనకిచ్చేశాడు.