జీలుగుకొండ రాజుగారి గొంతువాపు

జీలుగుకొండ రాజుగారు నరహరి భూపతి నడివేసవిలో రెండు కంబళ్ళు కప్పుకుని కొలువుకి వచ్చారు. వచ్చీ రాగానే సింహాసనం మీదే కునుకు తీశారు. మంత్రి దగ్గితే ఉలిక్కిపడి లేచి, ఆ చిరాకులోనే ప్రకటించారు.

“రెండేళ్ళుగా ఒకటే చలి, ఒకటే నిద్ర. గొంతు చూడబోతే కప్పలా ఉబ్బుతోంది. నన్ను మళ్ళీ మామూలు మనిషిని చేసినవాళ్ళకి అడిగింది ఇస్తాను. చేతకాకుండా గొప్పలు పోయినవాళ్ళని కొండ దింపేస్తాను!”

ఆస్థాన వైద్యుడు పేరిభొట్లు లేచాడు. ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే పలకడు. “వైద్య సార్వభౌమా” అనాలి. రాణిగారైనా సరే.

“ప్రభూ, అది వాపు కాదు, వైభవం! మహారాజుల కంఠంలో తేజస్సు గూడు కట్టుకుంటుంది. నా కషాయం పూటకో గిన్నెడు, ఆరు నెలలు సేవించండి. ఆ తేజస్సు ఒళ్ళంతా సర్దుకుంటుంది.”

సభంతా ఆహా అంది. రాజుగారికి మజ్జిగ తెచ్చి పక్కన నిలబడ్డ వంటమనిషి దేముడమ్మకి మాత్రం నోరు ఊరుకోలేదు. ఆమె పుట్టిల్లు సముద్రపు ఒడ్డు. ఈ కొండకి కోడలై వచ్చి పదేళ్ళయింది.

“మారాజా, ఆ తేజస్సు మన కొండ మేకలక్కూడా ఉందండి.”

“ఏమన్నావే?” అన్నారు రాజుగారు.

“తప్పయితే మన్నించాలి. మేకని కోసినప్పుడల్లా చూస్తున్నాను కదండీ. గొంతుగొట్టానికి అటొకటి ఇటొకటి చిన్న కండ ఉంటుంది. మా ఒడ్డు మేకలకి అది చిక్కుడు గింజంత. ఇక్కడి మేకలకి కోడిగుడ్డంత. గొంతు అలా ఉబ్బిన మేక ఎండలో కూడా వణుకుతుంది, మూల చేరి కునుకుతుంది. మనిషికీ అదే ఉండాలండి, గొంతు ముందు సీతాకోకచిలక రెక్కలు చాపినట్టు. ఒంట్లో పొయ్యి ఎంత మండాలో చూసుకునేది అదేనని నా అనుమానం.”

పేరిభొట్లు పొట్ట పట్టుకుని నవ్వాడు. “గ్రంథి అన్నాక రసం బయటికి పోయే గొట్టం ఉండాలే పిచ్చిదానా! కన్నీటికుంది, ఉమ్మికుంది. దీనికేదీ? బయటికి దారే లేనిది ఒళ్ళంతటినీ ఎలా ఏలుతుంది?”

దేముడమ్మ చేతులు కట్టుకుంది.

“మన రాజుగారు గడప దాటకుండానే ఆయన ఆజ్ఞ రాజ్యమంతా తిరగడం లేదా, అయ్యగారూ? దీని ఆజ్ఞ నెత్తుట్లో కలిసి తిరుగుతుంది.”

రాజుగారి పెదవి చివర నవ్వు మెదిలింది. “మరి మందు?”

“మందు కాదండి, కూడే. మా ఒడ్డున ఎవరికీ ఈ వాపు లేదు. మేం తినేదీ మీరు తిననిదీ ఒకటే, సముద్రపు చేప. ఎండు చేపలు, ఎండు రొయ్యలు తెప్పించి వండి పెడతాను.”

“శివశివా! ఆ కంపు రాజకంఠంలోకా?” అని వైద్యుడు ముక్కు మూసుకున్నాడు.

“కషాయమూ ఇవ్వండి, కూరా పెట్టండి. ఆరు నెలల తర్వాత ఎవరిది ఉత్త గొప్పో తేలుస్తాను,” అన్నారు రాజుగారు.

ఆ మాటకి దేముడమ్మ మొగుడు ఇంట్లో అన్నం ముట్టలేదు. “ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని కొండ దిగాలంటే ఎక్కడికెళ్తామే?” అన్నాడు. అయినా ఆమె పొద్దున్నే చేపలకి మనిషిని పంపింది.

ఇప్పటి వైద్యులు ఆ గ్రంథిని థైరాయిడ్ అంటారు. దాని రసం తయారవడానికి అయోడిన్ కావాలి. అది సముద్రంలో దండి, వానలకి కడుక్కుపోయిన కొండ నేలలో కరువు. సరుకు లేకపోయినా తలలోని పిట్యూటరీ అనే మరో గ్రంథి “చెయ్యవే, చెయ్యవే” అని గదమాయిస్తూనే ఉంటుంది. చెయ్యలేక పాపం అది ఉబ్బుతుంది. దేముడమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. వంకాయలో ఎండు రొయ్యలు వేస్తే రాజుగారు మారు వడ్డించుకుంటారని మాత్రం తెలుసు.

మూడో నెలలో ఒక కంబళి పోయింది. అయిదో నెలలో రెండోదీ పోయింది. ఆరో నెలకి రాజుగారు తెల్లారగానే గుర్రమెక్కుతున్నారు. గొంతు వాపు తీసి, అంతవరకూ మెడకి పట్టని బంగారు కంఠె మళ్ళీ పట్టింది.

గడువు నాడు పేరిభొట్లు అందరికన్నా ముందే సభకి వచ్చి, శాలువా కోసం భుజాలు సర్దుకుని కూర్చున్నాడు.

దేముడమ్మ ఎంతో వినయంగా అడిగింది. “వైద్య సార్వభౌమా, ఇదంతా తవరి కషాయం మహిమేనంటారా?”

“ప్రతి చుక్కదీనూ! ఒక్క చుక్క తగ్గినా ఈ గుణం వచ్చేది కాదు. నా వంశం మీద ఒట్టు!”

“ప్రాణమున్న దేనికైనా మేలే చేస్తుందా అండీ?”

“ఎండిన మోడుకి పోసినా చిగురేస్తుంది!”

“మరి మారాజు కిటికీ కింద నా కొత్తిమీర మడి ఎందుకు మాడిపోయిందండీ? ఆరు నెలలుగా తవరి కషాయం తాగింది అదొక్కటే!”

కళ్ళన్నీ రాజుగారి వైపు తిరిగాయి. ఆయన దొరికిపోయిన దొంగలా కంఠె సవరించుకున్నారు.

“చేదయ్యా, వైద్యుడా! నావల్ల కాలేదు. మొదటి గిన్నె నుంచీ కిటికీలోంచే పారబోశాను.”

ముందు మంత్రి నవ్వాడు. తర్వాత భటులు నవ్వారు. చివరికి రాజుగారే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

“అడుగు దేముడమ్మా, ఏం కావాలి?”

“నాకేం వద్దండి. మన కొండల్లో సగం మందికి గొంతులు వాచి ఉన్నాయి. ఎండు చేప ప్రతి సంతకీ చేరేలా చూడండి, మారాజా.”

రాజుగారు మెడలోని కంఠె తీసి ఆమె చేతిలో పెట్టారు. తర్వాత పేరిభొట్లు వైపు తిరిగారు.

“వైద్య సార్వభౌమా, మాట ప్రకారం నువ్వు కొండ దిగాల్సిందే. వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రాకు. మొదటి బండెడు ఎండు చేపలు నువ్వే దగ్గరుండి తోలుకురా!”