నాలుగు కంకణాల తాళం

సిలార్ పారిపోయాడని తెలిసిన పొద్దున హుసేనప్ప కత్తి నూరుతూ కూర్చున్నాడు.

కనుమకు అటూ ఇటూ జమాల్ షా ఫకీరు మజిలీలు నాలుగున్నాయి. దొంగలు ఏ దారిలో కాచుకున్నారో, ఉప్పు బండ్లు ఏ దారిన దిగాలో ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి చీటీలు వెళ్లేవి. దొంగల చేతిలో పడ్డా చదవలేకుండా అక్షరాలను జరిపి రాసేవాళ్లు. ముందుగా ఒక మాట అనుకుంటారు. అక్షరమాలలో ఏ అక్షరం ఎన్ని గళ్లు జరగాలో ఆ మాటే చెబుతుంది. ఆ పని హుసేనప్పది. సిలార్‌కు నేర్పిందీ అతనే. ఇప్పుడు సిలార్ దొంగల్లో కలిశాడు. ఎల్లుండి పదిహేను బండ్లు, పిల్లాజెల్లాతో కనుమలోకి దిగుతున్నాయి.

"వాడికి విద్యంతా తెలుసు బాబా. వాడు బతికుంటే ఆ బండ్లు మిగలవు. ఇద్దరు మనుషులనివ్వండి, వాడి నోరు మూయించి వస్తాను" అన్నాడు హుసేనప్ప.

జమాల్ షా తన ఇనుప పెట్టె తెచ్చి అతని ముందు పడేశాడు. దానికి చెవి లేని తాళం. నాలుగు కంకణాలు, వాటి చుట్టూ అక్షరాలు. సరైన నాలుగూ వరుసకు వస్తేనే ఊడుతుంది. ఆ నాలుగూ ఏవన్నది కొన్నవాడే లోపల అమర్చుకుంటాడు.

"దీన్ని చేసిన పెద్దోబులు దగ్గరికి పో. తెరిపించుకుని రా. అప్పుడు మనుషులనిస్తాను."

హుసేనప్ప పళ్లు కొరుక్కుంటూ మోసుకుపోయాడు. కమ్మరి పెద్దోబులు తాళాన్ని ఒకసారి తిప్పిచూసి పెట్టె వెనక్కి నెట్టాడు. చేసినవాడివి, తెరవలేవా అని హుసేనప్ప ఎగతాళి చేశాడు.

కమ్మరికి ఒళ్లు మండింది. "నేను తెరవగలిగితే ఈ ఊళ్లో ఒక్కడన్నా నా తాళం కొంటాడా? అక్షరాలు పెట్టుకున్నది మీ బాబా. పోయి ఆయన్నే అడుక్కో."

హుసేనప్ప తిరిగొచ్చి పెట్టె దించాడు. చేసినవాడికే చేతకాలేదని విసుగ్గా చెప్పాడు. చెప్పిన మాట తన చెవినే పడ్డట్టు ఆగిపోయాడు.

"చీటీలకు ఏ మాట పెట్టావు?" అన్నాడు జమాల్ షా.

"మీ పేరే, బాబా."

"మార్చి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లుగా అదే. మీ పేరు తీసెయ్యడానికి చేతులు రాలేదు."

జమాల్ షా చేతికర్రతో పెట్టె మీద ఒక్కటేశాడు. "నా పేరు ఈ కనుమలో మేకలకు కూడా తెలుసు కదరా. నీ బద్ధకానికి వాడి గొంతు కోస్తావా?"

హుసేనప్ప కత్తిని చూరులో దోపాడు. కాసేపు కళ్లు మూసుకుని కొత్త మాట ఒకటి అనుకున్నాడు. దాన్ని పాత మాటతోనే మిగతా మజిలీలకు రాసి పంపుదామని కలం తీశాడు.

ముసలాయన కలం లాక్కున్నాడు.

"మూడు మజిలీలకూ నడిచిపో. చెవిలో చెప్పు. కాళ్లు బొబ్బలెక్కితే మాత్రం సిలార్‌ను తిట్టుకోకు."