తోడేలూ నక్కా తల్లిని కాదన్న సంగతి

ఒకప్పుడు భూమ్మీద తోడేలు లేదు, నక్క లేదు, కుక్కా లేదు. మూడింటికీ కలిపి ఒక్కటే జాతి ఉండేది.

జలప్రళయం తగ్గాక, జంతువులన్నిటినీ జంటలుగా కాపాడిన ఓడలోంచి ఆ జాతిది ఒకే ఒక జంట దిగింది. బురద ఆరకముందే తల్లి పిల్లల్ని పెట్టింది. దేవుడు ఆ ఒక్క కడుపులో ఎన్ని రూపాలు దాచాడో గానీ, ఒకదానిలా ఒకటి లేదు. ఒకదానికి పొడుగు కాళ్లు, దట్టమైన బొచ్చు. ఇంకోదానికి సన్నటి మూతి, కుచ్చు తోక. చిన్నదానికి చెప్పుకోదగ్గదేమీ లేదు.

పెద్దది చలికొండలకు పోయింది. అదే తోడేలు. రెండోది పొదల్లోకి పోయింది. అదే నక్క. చిన్నది ఓడ కట్టిన పెద్దాయన గుడారం దగ్గరే తల్లితో ఉండిపోయింది. అదే కుక్క.

కొన్నేళ్లకు తల్లి ముసలిదైంది. కళ్లు కనపడ్డం మానేశాయి. "పిల్లల్ని ఒక్కసారి వాసన చూసి పోతాను," అంది. కుక్క వెళ్లి అన్నలిద్దర్నీ పిలుచుకొచ్చింది.

వచ్చాయి గానీ, ఆ నీలుగుడు చూడాలి. తోడేలు నక్కని పక్కన పెట్టుకుని గుడారం ఎదుటి గుట్ట మీదే నిలబడింది, దిగనే లేదు. దిగితే పరువు పోతుందట.

"ఎవరీ ముసలిది?" అంది.

"అమ్మ," అంది కుక్క.

"నాకు అమ్మేమిటి? చలికొండల కోసం దేవుడు నన్ను విడిగా, తీరిగ్గా చేశాడు. గంజి తాగే మీతో నాకేం సంబంధం?"

నక్క ఇంకా తెలివైంది. అంటే ఇంకా వెర్రిది. "నన్నసలు ఎవరూ చెయ్యలేదు. నా తెలివితో నేనే ఇలా తయారయ్యాను," అంది. కళ్లు తెరవకముందు పాలెవరిచ్చారో దానికి గుర్తులేదు మరి.

పెద్దాయన చిన్నకోడలి పేరు అదీనా. ఆమె గుడారం ముందు రొట్టెలు కాలుస్తోంది. ఓడలో ఉన్నన్నాళ్లూ ఆ తల్లికి తిండి పెట్టింది ఆమే.

"కాళ్లు సాగితే ఎద్దువైపోయావా? తోక కుచ్చైతే నెమలివైపోయావా? ఎక్కడ తిరిగినా అవే కోరలు, అదే నాలుక వేలాడేసుకుని రొప్పడం. సిగ్గులేని సంత," అంది.

రెండూ మొహాలు తిప్పుకున్నాయి. తల్లి మాత్రం గుట్ట మీంచి గాలి వీస్తే ముక్కెత్తి వాసన చూసింది.

"ఇద్దరూ వచ్చారు," అంది తృప్తిగా. కుక్క కాళ్ల మీద తల ఆనించి కన్నుమూసింది.

కుక్క మోరెత్తి పొడుగ్గా ఏడ్చింది. అది విన్నదే తడవుగా తోడేలు గొంతు దానంతటదే తెరుచుకుంది. నోరు మూసుకోబోయింది, కుదరలేదు. పక్కనే నక్కవీ అవే పాట్లు. మూడు నోళ్లు, ఒకే ఏడుపు.

అదీనా రొట్టె తిరగేస్తూ, "విడిగా పుట్టినవాళ్లు ఏడుపైనా విడిగా ఏడవచ్చుగా," అంది.

ఆ రెండింటికీ ఇక ఆ గుమ్మం తొక్కే మొహం లేకపోయింది. అప్పటినుంచే తోడేలూ నక్కా మనుషుల కంట పడకుండా ఊరి బయట తిరుగుతాయి. అక్కడ ఒకటి ఊళ పెడితే చాలు, ఇంటి ముందున్న కుక్క ఈనాటికీ మోరెత్తి అదే గొంతుతో బదులిస్తుంది.