సూది ఎవరిది

రామచయనులుగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన నోటి నుంచి వచ్చేది శ్లోకం కాదు, ఎప్పుడో జరిగిన ఒక సంగతి. పట్టణంలో ఆయన ఇంటి వసారాలో ప్రతి ఆదివారం ఉదయం నాతో కలిపి నలుగురైదుగురికి ఉపనిషత్తు పాఠం చెబుతారు. ఒకనాడు ప్రసూన అనే శిష్యురాలు, కాలేజీలో లెక్చరరు, ఇలా అడిగింది:

"గురువుగారూ, అందరినీ మనలాగే చూడమంటారు. కళ్ళెదుట ఉన్నవాళ్ళ సంగతి సరే. ఎన్నడూ చూడనివాళ్ళ మీద ప్రేమ ఎలా కలుగుతుంది?"

అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

నాకు పదిహేనేళ్ళుగా షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటాను. వాడిన సూదిని అరటి తొక్కలతో, పాల కవర్లతో కలిపి సంచిలో వేసి, మూతి ముడివేసి గుమ్మం బయట పెట్టేవాణ్ణి. మునిసిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయేది. ఎక్కడికని ఏనాడూ అడగలేదు.

మూడేళ్ళ కిందట, వానాకాలంలో, ఒక ఆడమనిషి వచ్చి మా గేటు దగ్గర నిలబడింది. యాభై దాటి ఉంటాయి. కుడికాలికి గుడ్డ కట్టు. చేతిలో నలిగిన మందుల చీటీ. పేరు తిరుపాలమ్మ, ఊరు చింతగుంట్లపాలెం అని చెప్పింది. మన పట్టణం చెత్తంతా ఆ ఊరి పొలాలకు పైనున్న మెరక మీద పోస్తారని నాకు తెలిసింది అప్పుడే. కుక్కలు ఒక సంచిని ఆమె గోంగూర చేలోకి ఈడ్చుకొచ్చాయట. కలుపు తీస్తుంటే కాల్లో సూది దిగింది. పెద్దాసుపత్రి డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ సూది వాడినవాళ్ళకు ఏ జబ్బుందో కనుక్కోగలిగితే మంచిదన్నాడట. అదే సంచిలో నా మందుల చీటీ దొరికింది. దాని మీది పేరూ వీధీ కోడలు చదివి చెప్పింది.

"పోట్లాటకు రాలేదయ్యా. ఈ సూది ఎవరిది? వాళ్ళకేం జబ్బు? ఇంట్లో పసిబిడ్డ ఉంది. నాలుగు దినాలైంది నా మనవరాల్ని ఎత్తుకొని. తాకాలంటే భయమేస్తా ఉంది" అంది.

"నాదేనమ్మా. షుగరుకు రోజూ వేసుకుంటాను. అది అంటుకునే జబ్బు కాదు" అన్నాను. లోపలికి వెళ్ళి నా రక్తపరీక్షల కాగితాలన్నీ తెచ్చి, డాక్టరుకు చూపించమని చేతిలో పెట్టాను. ఆమె మెట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, నా వంక చూసింది.

"రోజూ పొడుచుకోవాల్నా అయ్యా? నొప్పి పుట్టదా? ఇప్పుడు ఒంట్లో ఎట్టా ఉంది?"

మంచినీళ్ళిస్తే చెంబెడూ ఒక్క గుక్కలో తాగి ఇంకో చెంబు అడిగింది. వాన పడితే మెరక మీద నుంచి నల్లనీళ్ళు దిగుతాయట. అవి ఇంకి వాళ్ళ బావి నీళ్ళు రంగు మారిపోయాయి. గేదెలు కూడా మూతి పెట్టడం లేదు. ట్యాంకరు నీళ్ళు వంటకే చాలడం లేదు. వెళ్ళబోతూ సంచిలోంచి ఖాళీ సీసా తీసి, "కోడలికి పట్టుకుపోనా? బిడ్డకు పాలిచ్చే తల్లి" అని అడిగింది. మా ఇంట్లో కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళు! వాటికోసం ఆమె నన్ను అనుమతి అడిగింది.

మరునాడు ఆ ఊరు వెళ్ళాను. చెత్త కాలుతున్న పొగలోనే జనం అన్నాలు తింటున్నారు. చుట్టూ చూస్తే అన్నీ నాకు తెలిసిన సంచులే, మన వీధి కొట్లవే. అప్పటినుంచి సూదులు గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇస్తున్నాను. మన వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు తలుపు వేసుకున్నారు. ఆ ఊరివాళ్ళ వెంట ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఇప్పటికీ తిరుగుతున్నాను. చెత్త ఇంకా అక్కడే పోస్తున్నారు.

మూడు నెలలకు తిరుపాలమ్మ ఆఖరి రక్తపరీక్షలో ఏ దోషమూ లేదని తేలింది. ఆ కబురు చెప్పడానికి మనవరాలిని చంకనేసుకుని వచ్చి, ఆ పసిదాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

అంతవరకు చెప్పి చయనులుగారు ఆగారు. ప్రసూన, "ఆమెకు మీ మీద కోపం రాలేదా గురువుగారూ?" అంది.

"రాకుండా ఎలా ఉంటుంది తల్లీ? వచ్చే ఉంటుంది. దానికంటే ముందు నా ఒంట్లో ఎలా ఉందని అడిగింది, అంతే."