కత్తి పెట్టని గడప

ఒక ఊళ్లో పిల్లలు మాటలు మరిచిపోతున్నారు.

నిన్నటిదాకా అమ్మా అని పిలిచిన పిల్ల ఇవాళ పిలిచేది కాదు. పది దాకా లెక్కపెట్టిన పిల్లవాడు నాలుగు దగ్గర ఆగి గోడకేసి చూసేవాడు. ఊరి వైద్యుడు మూడేళ్లపాటు ఆ పిల్లల్ని చూసి చూసి, రాజు దగ్గరికెళ్లి ఒక్క ముక్క చెప్పాడు. "ఇళ్లకి వేసే రంగులో సీసం ఉంది. అది పిల్లల నోట్లోకి పోతోంది."

ఆ రంగు తయారుచేసేది రాజుగారి బావమరిది. ఏటా శ్రావణానికి ముందు ఇంటింటికీ ఒక డబ్బా పసుపు రంగు కానుకగా వచ్చేది. శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసే శ్రమ ఆడవాళ్లకి ఇక లేదని, ఈ రంగు ఒక్కసారి వేస్తే ఏడాది పొడుగునా ఉంటుందని దండోరా వేయించారు. నిజమే, ఉంది.

రాజు ఆ రంగు ఆపమనలేదు. బావమరిదిని పిలిచి అడగలేదు. ఇళ్లన్నీ తనిఖీ చేయమన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

తనిఖీకి వచ్చినవాడు ఆ ఊరివాడే, కాస్త వయసు మళ్లిన మనిషి. అతని దగ్గర ఒక చిన్న కత్తి, ఒక మందు బుడ్డి, ఒక నిబంధనల పుస్తకం ఉన్నాయి. కత్తితో గీకిన పొడి మీద మందు చుక్క వేస్తాడు. చుక్క నల్లబడితే సీసం ఉన్నట్టు. లేకపోతే ఇల్లు క్షేమం.

అయితే ఆ ఊళ్లో గోడలకి వేసేది ఉత్త సున్నం. రంగు వేసేది గడపకి ఒక్కదానికే. గడప అంటే లక్ష్మి. దాన్ని తొక్కకూడదు, దానిమీద కూర్చోకూడదు, కత్తి అసలే పెట్టకూడదు. పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి ఉంది ఆ మాట. ఎవరు రాయించారో వేరే చెప్పాలా?

కాబట్టి అతను గోడలు గీకాడు. రెండు వందల పన్నెండు ఇళ్ల గోడలు ఓపిగ్గా, శ్రద్ధగా గీకాడు. ప్రతి తలుపు మీదా 'క్షేమం' అని రాశాడు. రాయడానికి రాజుగారు ఇప్పించింది ఆ పసుపు రంగే.

రెండు వందల పదమూడో ఇంట్లో ఒక తల్లి ఉంది. ఆమె పెద్దకూతురు తొలి మాట పలికినప్పుడు పంచదార చిలకలు పోసి వీధంతా పంచారు. ఏడాది తిరిగేసరికి పిల్ల మాటలన్నీ పోయాయి. చిలకల అచ్చు మాత్రం అటక మీద ఉంది. చిన్నది ఇప్పుడు పాకుతోంది. రేపో మాపో గడప దాటుతుంది. పిల్ల తొలిసారి గడప దాటితే గారెలు వండి పంచడం ఆ ఊరి ఆచారం. మినప్పప్పు తెచ్చిపెట్టుకున్న ఆ తల్లికి మాత్రం కంటి మీద కునుకు లేదు.

"అయ్యా, గోడలు వదిలేయండి. ఈ గడప చూడండి," అంది ఆమె.

గడప అంచు పొడుగునా చిన్న చిన్న గాట్లు. పళ్లొచ్చేటప్పుడు పెద్దది రెండు చేతులా గడప పట్టుకుని కొరికిన గుర్తులవి.

"గడప మీద కత్తి పెట్టకూడదమ్మా. తప్పు."

ఆమె వంగి, గోటితో ఒక పెచ్చు ఊడదీసి, నలిపి అరచేతిలో వేసుకుంది. "నా చేతి మీద చుక్క వేయడం తప్పు కాదుగా?"

అతను చుక్క వేశాడు. అరచెయ్యి నల్లబడింది.

ఇద్దరూ చూశారు. అతను బుడ్డికి మూత పెట్టుకుని, "అరచేతి సంగతి పుస్తకంలో లేదమ్మా," అన్నాడు. తలుపు మీద 'క్షేమం' అని రాశాడు.

ఆ మాట అన్నవాడు దుర్మార్గుడైనా బాగుండేది. కాదు. సాయంత్రం ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి. అందుకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె గునపం తీసుకుని గడప పెకలించింది. ఊరు ఊరంతా వచ్చి నోళ్లు నొక్కుకుంది. తనిఖీ మనిషి పుస్తకం తిరగేశాడు. గడప లేని ఇల్లు ప్రమాదకరం అని ఉంది. 'క్షేమం' చెరిపి, బొగ్గుతో 'ప్రమాదం' అని రాసిపోయాడు.

రెండు రోజులకి చిన్నది పాక్కుంటూ వీధిలోకి వచ్చింది. తల్లి గారెలు వండింది.

"గడపే లేదు, గారెలేంటే?" అంది పక్కింటి ముసలమ్మ.

"దాటాల్సింది దాటాం పిన్నీ. తిను," అంది తల్లి.

గారెలు ఇంకా వేడిగా ఉండగానే తనిఖీ మనిషి వచ్చాడు. ఈసారి అతని దగ్గర పుస్తకం లేదు.

"గునపం ఒకసారి ఇస్తావా అమ్మా? నా మనవరాలు నిన్న గడప పట్టుకుని లేచి, నోరు ఆనించింది."

ఆమె అరచెయ్యి చాపి చూపించింది. నల్లమచ్చ ఇంకా పోలేదు. "ఇది కళ్లారా చూసి కూడా క్షేమం అని రాశారు. మీ పిల్ల దాకా వస్తే గానీ మీ కళ్లకి ఆనలేదా?"



ఆమె గునపం తెచ్చి అతని ముందు పడేసింది. "పిల్ల కోసం ఇస్తున్నాను. మీ మొహం చూసి కాదు."

అతను తన గడప తానే పెకలించాడు. పుస్తకం ప్రకారం తన తలుపు మీద తానే బొగ్గుతో 'ప్రమాదం' అని రాసుకున్నాడు. ఊళ్లో ప్రమాదకరమైన ఇళ్లు రెండయ్యాయని దండోరా వేశారు.

గునపం మాత్రం ఆమె ఇంటికి తిరిగి రాలేదు. చెయ్యి మారుతూ వీధి వెంట వీధి తిరిగింది. వారానికి ప్రమాదకరమైన ఇళ్లు పధ్నాలుగు. నెలకి నూట ముప్పై.

ప్రమాదం ఇలా పెరిగిపోతుంటే రాజుకి భయం పట్టుకుంది. బావమరిదికి కబురు పెట్టి, కోటలో ఉన్న గడపలన్నిటికీ మరో రెండు పూతలు చిక్కగా పసుపు వేయించాడు.

ఆ వారమే అంతఃపురంలో యువరాజు పాకడం మొదలుపెట్టాడు. వంటశాలలో గారెలకి పప్పు నానబోశారు.