రెండున్నర ఇంచీల పైపు

మా గురువుగారి చేనిలో కోతులు పడ్డాయి. ఆయనకు కోపం రాలేదు. నాకొచ్చింది. రచ్చంతా అక్కడ మొదలైంది.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నా పేరు నంజుండయ్య. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పలమనేరు చుట్టుపక్కల ఊళ్లలో నడివయసు వాళ్లు సగం మంది నా దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాళ్లే. ఎక్కడైనా తప్పు కనబడిందంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అది నా గొప్పతనమనే అనుకుంటూ వచ్చాను.

గురువుగారి పేరు కదిరప్పసామి. సామి అంటే కాషాయమూ జడలూ అనుకునేరు. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు, చేతిలో పార. గుట్ట కింద ఎకరం చేను చేసుకుంటారు. బేస్తవారం సాయంత్రం పదిమంది చేరితే తత్వాలు పాడతారు. ఏదన్నా అడిగితే సగం జవాబు చెప్తారు, మిగతా సగం మనమే వెతుక్కోవాలి. ఆరేళ్లుగా నేను ఆ సగాల వెంటే తిరుగుతున్నాను.

ఆ ఏడు సామి ఉర్లగడ్డ పెట్టారు. మీ వైపు బంగాళదుంప అంటారో, ఆలుగడ్డ అంటారో, మాకు ఉర్లగడ్డే. గడ్డ ఊరే వేళకు గుట్ట మీది కోతుల మంద దిగింది. ఆకలికి తింటే తిన్నాయిలే అని ఊరుకోవచ్చు. ఇవి తినవు. మొక్క పీకడం, గడ్డను ఒక్క కొరుకు కొరకడం, పారేయడం, ఇంకోటి పీకడం. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని నేను గట్టు మీద నిలబడి అరుస్తుంటే సామి నవ్వారు. గడ్డ ఊరిందో లేదో అవి కూడా చూసుకుంటాండాయి, మనకొక్కరికే ఉంటుందా ఆ ఆత్రం అన్నారు.

నాకు ఒళ్లు మండింది. గురువు సాధువైతే శిష్యుడన్నా గట్టిగా ఉండొద్దా?

మా మేనల్లుడి ఫోనులో ఒక వీడియో చూశాను. ఏ దేశం వాళ్లో, ప్లాస్టిక్ పైపులో ఉర్లగడ్డ దూర్చి, వెనక గాలి నింపి వదిలితే అది వంద గజాల అవతల పడింది. ఉర్లగడ్డ ఫిరంగి అన్నమాట. కోతి మీదికి కొట్టే పాపం మనకొద్దు, గుట్టబండకు కొడితే ఆ చప్పుడుకే మంద పరుగో పరుగు. చేస్తే ఇదే చేయాలనుకున్నాను.

కిటుకంతా గొట్టం లావులో ఉంది. లావెక్కువైతే గడ్డ పక్కనుంచి గాలి జారిపోతుంది. తక్కువైతే గడ్డ లోపలికే పోదు. సరిగ్గా ఉంటే గడ్డ అంచు కాస్త చెక్కుకుపోయి బిరడాలాగ బిగుసుకుంటుంది. అయితే ఎన్ని ఇంచీలు ఉండాలంటే ఒక్కడూ తిన్నగా చెప్పడు. ఒకడు రెండంటాడు, ఒకడు మూడంటాడు, ఒకడు మీ ఇష్టం అంటాడు. మీ ఇష్టమేంటి? లెక్కల్లో ఇష్టాలుంటాయా?

నేనే లెక్క తేల్చాను. చేనిలో కూచుని అరవై గడ్డలు తవ్వి, ఒక్కోదాని వెడల్పు కొలిచి, పుస్తకంలో రాసి, సగటు కట్టాను. అరవై ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. సామి వచ్చి నా పక్కన గడ్డల కుప్ప చూశారు.

"కోతులు గూడా ఒక పూటలో ఇన్ని పీకవు నంజుండా."

నేను వినిపించుకోలేదు. అరవై ఆరుకు కొంచెం బిగువుగా రెండున్నర ఇంచీల గొట్టం కావాలి. రెండున్నర ఇంచీలంటే అరవై మూడున్నర మిల్లీమీటర్లు. ఇది ఆరో తరగతి లెక్క.

పలమనేరులో బస్టాండు దగ్గర పైపుల షాపుకు పోయాను. కౌంటరులో దాదాపీర్ ఉన్నాడు. వాడూ నా దగ్గర చదివినవాడే, పద్దెనిమిదేళ్లుగా ఆ షాపులోనే గుమాస్తా. సార్ సార్ అంటూ కుర్చీ వేశాడు. రెండున్నర ఇంచీల పైపు ఇవ్వరా అంటే చక్కగా గజం ముక్క కోసి ఇచ్చాడు. ఇంటికొచ్చి గడ్డ దూర్చాను. ఈ పక్క పెడితే ఆ పక్కనుంచి జారి కాళ్ల మీద పడింది. స్కేలు పెట్టి చూద్దును కదా, రంధ్రం డెబ్బై మిల్లీమీటర్లు!

మర్నాడు పొద్దున్నే ఆ పైపు భుజాన వేసుకుని షాపుకు పోయాను. షాపు నిండా మనుషులు. రెండున్నర అడిగితే ఏమిచ్చావురా అన్నాను. వాడు నెమ్మదిగా, సార్, రెండున్నర అంటే ఇదే సార్, పైపుకు కొలత బయట చూస్తాము అన్నాడు. ఎవరికి చెప్తున్నాడు? ఎవరికి? ఇంచి అంటే ఎంతో వాడికి నేర్పిందే నేను.

ఆ తర్వాత నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ఒకటి రాయక తప్పదు. షాపంతా వినేట్టు అన్నాను.

"ఏడో తరగతి పరీక్షలో కాపీ కొట్టి పాసైనోడివి. ఆ దొంగబుద్ధి ఇప్పటికీ పోలేదురా నీకు."

ఓనరు లేచి వచ్చాడు. నేను ఊళ్లో పెద్దమనిషిని, నలుగురికి చెప్తే తన బేరాలు పోతాయని భయం పట్టుకున్నట్టుంది. దాదాపీర్‌ను రేపట్నుంచి రానక్కర్లేదు పో అన్నాడు. తనే లోపలికి పోయి ఇంకో పైపు తెచ్చి, దాని మూతి మీద టేపు పరిచి, ఇదిగోండి సార్ మీ అరవై మూడు అని చూపించాడు. చూశారా, పెద్దవాళ్ల పద్ధతి వేరు అనుకున్నాను. దాదాపీర్ చెప్పులేసుకుని నా పక్కనుంచే బయటికి పోయాడు. నేను చూసి కూడా చూడనట్టే ఉన్నాను. తప్పు చేసినవాడికి శిక్ష పడింది, అంతే కదా.

తిన్నగా సామి దగ్గరికి పోయాను. రెండు పైపులూ అరుగు మీద పెట్టి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. సామి విత్తనం గడ్డలు ఏరుకుంటూ అంతా విన్నారు. నేను ఆపాక చేతులు దులుపుకుని, ఆ కొత్తదాన్ని కొలువు అన్నారు.

స్కేలు తీసి రంధ్రంలో పెట్టాను. యాభై తొమ్మిది వచ్చింది. మళ్లీ పెట్టాను. యాభై తొమ్మిదే.

బయట కొలువు అన్నారు సామి. బయటి అంచు నుంచి బయటి అంచుకు పెట్టాను. సరిగ్గా అరవై మూడు. ఓనరు టేపు పరిచింది అలాగేనని అప్పుడు తట్టింది. దాదాపీర్ ఇచ్చినదాన్ని కూడా బయట కొలిచాను. డెబ్బై ఐదు. పైపు తిప్పితే దాని ఒంటి మీద నల్లసిరాతో అచ్చేసి ఉంది, డెబ్బై ఐదు ఎం.ఎం. అని. దాని పక్కనే రెండున్నర అని పెన్సిలుతో రాసుంది, దాదాపీర్ చేతిరాత. పైపుల షాపుల్లో రెండున్నర అని పిలిచేది ఆ డెబ్బై ఐదు పైపునేనన్నమాట. రెండు రోజులు భుజాన మోసిన పైపు అది.

అయినా నేను తగ్గలేదు. ఇది పైపులు చేసేవాళ్ల తప్పు సామీ అన్నాను. నీళ్లు పోయేది లోపల, గాలి పోయేది లోపల, గడ్డ పోయేది లోపల. పనికొచ్చేదంతా లోపలుంటే బయట కొలిచి పేరు పెట్టడమేంది? రెండున్నరను డెబ్బై ఐదు అనడమేంది? లోకానికి బుద్ధి లేదా అని అడిగాను. గొంతు లేచింది. అరుగు కింద ముడుచుకున్న కుక్క లేచి అవతలికి పోయింది.

సామి నా చేతిలో స్కేలు తీసుకున్నారు. నేనింకా మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన దగ్గరికి వచ్చి, ఆ స్కేలును నా పెదాల మీద అడ్డంగా ఆనించి, కళ్లు చిట్లించి అంకె చూశారు. లోహం చల్లగా తగిలింది. మాట ఆగిపోయింది.

"ఇదీ రెండున్నరే. బయటి కొలత."

స్కేలు తిరిగి నా చేతిలో పెట్టారు.

"నీ ఫిరంగి వంద గజాలు కొడుతుందన్నావే. పొద్దున దీంట్లోంచి పోయింది యాడ పడిందో చూసినావా?"

లేదన్నాను. వాని ఇల్లు తెలుసా అని అడిగారు. తెలీదు. పిల్లలుండారా అని అడిగారు. అదీ తెలీదు. సామి మళ్లీ గడ్డల దగ్గర కూచున్నారు. ఇంక నా వైపు చూడలేదు. పోయి చూసిరా అని కూడా అనలేదు.

పలమనేరు బస్సులో కూచున్నాక ఒక్క సంగతి నన్ను పట్టుకుంది. ఏడో తరగతిలో కాపీ కొట్టిన పిల్లవాడు దాదాపీరేనా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఎవడో ఒకడు కొట్టాడు. వీడో, వీడి పక్కన కూచున్నవాడో. నోటికి వచ్చింది, అనేశాను. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు ఒక్క మార్కు వేయాలన్నా రెండుసార్లు దిద్ది చూసినవాణ్ని, ఒక మనిషి పద్దెనిమిదేళ్ల కొలువు మీద ఒక్కసారి కూడా దిద్ది చూడకుండా గీత కొట్టేశాను.

షాపులో సాయంత్రం బేరం జోరుగా ఉంది. కౌంటరు ముందు నిలబడి, పొద్దున ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగానే చెప్పాను. పైపు సరైనదే, మాట సరైనదే, తప్పు నాది అని. ఓనరు నన్ను చల్లబరచబోయాడు. పోనీలెండి సార్, వాడంతేలెండి అన్నాడు. నాకు మళ్లీ కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి పడాల్సిన చోట పడింది.

"వాడంతే కాదయ్యా. నేనంతే."

ఓనరు తల గోక్కున్నాడు. రేపు రమ్మని చెప్పండి సార్ అన్నాడు. టేపు మూతి మీద ఎట్ల పరిచావో నాకు తెలుసు అని కూడా అందామనుకున్నాను. నోరు మూసుకుని అడ్రసు అడిగి తీసుకున్నాను.

దాదాపీర్ ఇల్లు మసీదు వెనక సందులో. తలుపు వాళ్ల ఆవిడ ఖాజాబీ తీసింది. నేనెవరో చెప్పగానే ఆమె ముఖం బిగిసింది. ఇంట్లో లేడు, రేషన్ బియ్యానికి పోయినాడు అంది. పోయి రమ్మనలేదు, లోపలికీ రమ్మనలేదు. గడప అవతల ఆమె, ఇవతల నేను. ఓనరు రమ్మన్న సంగతి చెప్పాను. సరే అంది. ఇంకా నిలబడే ఉన్నానని ఆమే మాట్లాడింది.

"పని యాడైనా దొరుకుతుంది సార్. పొద్దున వాళ్ల నాయనకు క్యారియరిచ్చేదానికి మా పాప షాపుకొచ్చినాది. మీరన్నది అంతా వినింది."

పాప లోపల గోడకానుకుని కూచుని ఉంది, ఒళ్లో పుస్తకం. పన్నెండు పదమూడేళ్లుంటాయి. నా వైపు చూడటం లేదు. పొద్దుట్నుంచి నాయనతో మాట్లాడలేదంట. ఒక్కటే అడిగిందంట, నువ్వు కాపీ కొట్టినావా అని. అతను లేదన్నాడంట. అయితే సార్ ఎందుకన్నాడు అంటే మాత్రం జవాబు చెప్పలేకపోయాడంట. సార్ అబద్ధం చెప్తాడని కూతురితో ఎట్లంటాడు, తనకు చదువు చెప్పినవాణ్ని?

వంద గజాలు కాదు, ఇంత దూరం వచ్చి ఇక్కడ పడింది.

చెప్పులు విడిచి గడప మీద కూచున్నాను. కూచోమని ఎవరూ అనలేదు. పాపా, మీ నాయన కాపీ కొట్టలేదు అన్నాను. నేను చూడంది చూసినట్టు చెప్పాను, పైపు సంగతిలో కూడా మీ నాయన చెప్పిందే రైటు, నేను చెప్పింది తప్పు అన్నాను. పిల్ల తలెత్తింది. నమ్మాలా వద్దా అని చూస్తోంది. లెక్కల సార్లు తప్పని ఒప్పుకోవడం అది ఎప్పుడూ చూసి ఉండదు.

"అయితే రెండున్నర ఇంచీలు అంటే ఎంత సార్?"

అరవై మూడున్నర అని నాలుక చివరి దాకా వచ్చింది. ముప్ఫై నాలుగేళ్లు చెప్పిన జవాబు.

సందు మొదట్లో బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుని దాదాపీర్ వస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"మీ నాయన వస్తాండాడు" అన్నాను. "ఆయన్నడుగు. నాక్కూడా ఆయనే చెప్పాల."